ఆసుపత్రి వార్డుల్లో కాపరి పాఠాలు: మొదటి సీపీఈ యూనిట్‌లో నా అనుభవం

ఈ ఆగస్టుతో నా మొదటి సీపీఈ యూనిట్ పూర్తయింది. క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అని దాని పూర్తి పేరు. ఆసుపత్రిలో రోగుల దగ్గర, వాళ్ల కుటుంబాల దగ్గర ఉంటూ, సూపర్‌వైజర్ పర్యవేక్షణలో కాపరి (పాస్టర్) పని నేర్చుకునే శిక్షణ ఇది. వెళ్లే ముందు దీని గురించి వివరంగా చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. దొరికిన ఒకరిద్దరు కూడా "చాలా ఆశీర్వాదకరంగా ఉంటుంది బ్రదర్" అని ఊరుకున్నారు. అది నిజమే, కానీ ఆ మాటను బట్టి అక్కడ ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. రోగి పక్కన కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో నేర్పిస్తారనుకుని వెళ్లాను. తీరా వెళ్లాక వాళ్లు రోగి గురించి అడిగింది తక్కువ, నా గురించి అడిగింది ఎక్కువ. దానికి సిద్ధపడి వెళ్లమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. రోగుల వివరాలు ఎవరూ గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

దరఖాస్తు 2024 డిసెంబరులో మొదలుపెట్టాను. ఫారం మామూలుగానే ఉంటుంది, దానికి జతచేయాల్సిన వ్యాసాల దగ్గరే ఆగిపోతాం. మీ జీవిత కథ రాయాలి, మీ విశ్వాసం ఎలా పెరుగుతూ వచ్చిందో రాయాలి, ఎవరికైనా సాయపడిన ఒక సంఘటనను వివరంగా రాయాలి, ఈ శిక్షణ ఎందుకు కావాలనుకుంటున్నారో చెప్పాలి. జీవిత కథ సులువే అనుకున్నాను, ఎన్నో సభల్లో సాక్ష్యం చెప్పినవాణ్ణి కదా. కానీ సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు చీకటి, తర్వాత ప్రభువు కలవడం, ఆ తర్వాత అంతా వెలుగు. వీళ్లు అడిగేది ఇంకా తేలని విషయాలు. నాన్న చనిపోయినప్పుడు అమ్మ ఏడవబోతే సంఘంవాళ్లు "ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లారమ్మా, విశ్వాసులం మనం ఏడవకూడదు" అన్నారు. అమ్మ ఆపుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ మా ముందు ఏడవలేదు. ఆ సంగతి అంతకుముందు నేనెక్కడా చెప్పలేదు, రాయలేదు. ఆ ఒక్క పేజీ రాయడానికే క్రిస్మస్ దాటిపోయింది.

ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో పిలిచారు. గంటన్నర పట్టింది. సిద్ధాంతం మీద ఒక్క ప్రశ్న కూడా లేదు. "మీకు కోపం వస్తే ఏం చేస్తారు?", "మీ మాట వినని మనిషి దగ్గర మీరెలా ఉంటారు?", "మీ అమ్మగారి గురించి రాశారు కదా, అప్పుడు మీరేం చేశారు?" ఇవీ ప్రశ్నలు. బయటికి వచ్చాక బాగా చేశానో లేదో అంతుపట్టలేదు. మార్చి చివర్లో సీటు వచ్చిందని ఉత్తరం వచ్చింది.

ఆ తర్వాత పని అంతా కాగితాలే. టీకాల రికార్డులు, టీబీ పరీక్ష, నేర చరిత్ర ఏమీ లేదన్న ధ్రువపత్రం, రోగుల వివరాలు బయటపెట్టనని సంతకం. సీటు వచ్చిన రోజే వీటికి తిరగడం మొదలుపెట్టండి. మా బృందంలో ఒకరి టీకా పత్రం ఆలస్యమై, మొదటి వారం వార్డుల్లోకి వెళ్లనివ్వలేదు. ఫీజు ముందే కట్టాలి. ఏడాది పాటు రెసిడెన్సీ చేసేవాళ్లకు సాధారణంగా స్టైపెండ్ ఉంటుంది కానీ, నాలా ఒక్క యూనిట్ చేసేవాళ్లు చాలాచోట్ల చేతి డబ్బే పెట్టుకోవాలి. పైగా ఆ నెలల్లో వేరే రాబడి ఉండదు. ఇంట్లోవాళ్లతో ఈ లెక్క ముందే మాట్లాడుకోవడం మంచిది. మా సంఘం పెద్దలు వేసవికి సెలవు ఇచ్చారు, ఆదివారం ఆరాధనలు మా సహ కాపరి చూసుకున్నారు. అలా కుదరనివాళ్లకు నెలల తరబడి సాగే పార్ట్‌టైమ్ యూనిట్లు కూడా ఉంటాయి. ఏ పద్ధతిలో చేసినా ఒక యూనిట్ అంటే కనీసం 400 గంటలు, అందులో కనీసం 100 గంటలు తరగతి, బృంద చర్చ, సూపర్‌వైజర్‌తో విడిగా కూర్చోవడం.

జూన్ 2న మొదలైంది. మొదటి వారం చేతులు కడుక్కోవడం, గౌన్ వేసుకోవడం, తలుపు మీది హెచ్చరిక బోర్డులు చదవడం నేర్పారు. ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి వెలిగించకూడదని, ముందు నర్సును అడక్కుండా ఏ గదిలోకీ వెళ్లకూడదని చెప్పారు.

ఆ వారంలోనే ఈ శిక్షణ ఎలా పుట్టిందో మా సూపర్‌వైజర్ చెప్పారు. ఆంటన్ బాయిసెన్ అనే అమెరికా పాస్టర్ 1920లో తీవ్రమైన మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకున్నాక మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్ అనే మానసిక వైద్యశాలలో చాప్లెయిన్‌గా, అంటే రోగుల ఆత్మీయ అవసరాలు చూసే కాపరిగా చేరి, 1925 వేసవిలో వేదాంత విద్యార్థులను కొందరిని అక్కడికి తీసుకొచ్చాడు. వాళ్లు ప్రసంగాలు చేయలేదు, వార్డు అటెండెంట్లుగా పనిచేశారు. పుస్తకాలతో పాటు సజీవ మానవ పత్రాలను, అంటే బాధపడుతున్న మనుషుల జీవితాలను కూడా చదవాలని ఆయన అనేవాడట. మంచం మీద పడి ఉండటం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఈ శిక్షణను మొదలుపెట్టాడన్న సంగతి నాలో బాగా నాటుకుంది. ఏ రోగి గదిలోకి వెళ్తున్నా అది గుర్తొచ్చేది.

రెండో వారం నుంచి వార్డుల్లోకి పంపారు. మొదటి గదిలోనే ఒక పెద్దావిడ "ఇప్పుడొద్దు బాబూ" అని అటు తిరిగి పడుకున్నారు. ముఖం చిన్నబోయి తిరిగొచ్చాను. సూపర్‌వైజర్ ఆ సాయంత్రం ఒక మాట అన్నారు. "సూది వద్దంటే కుదరదు, స్కాన్ వద్దంటే కుదరదు, రాత్రి రెండింటికి లేపి బీపీ చూడొద్దంటే కుదరదు. ఆవిడ ఈ రోజు వద్దనగలిగింది నిన్నొక్కణ్ణే. ఆ అవకాశం నువ్వు ఇచ్చావు కదా, అది కూడా సేవే." ఆ తర్వాత ఎవరు వద్దన్నా "అలాగేనండీ, ఎప్పుడు కావాలన్నా నర్సుకు చెప్పండి" అని హాయిగా బయటికి వచ్చేవాణ్ణి. అదే పెద్దావిడ తర్వాతి వారం కబురు పెట్టారు.

చిన్న చిన్న విషయాలు చాలా ఉంటాయి. కుర్చీ లాక్కుని కూర్చోవాలి, ఎందుకంటే డాక్టర్లూ నర్సులూ నిలబడే మాట్లాడతారు. పడుకున్న మనిషికి మెడ తిప్పాల్సిన పని లేని చోట కూర్చోవాలి. అడక్కుండా చెయ్యి పట్టుకోకూడదు, ఆ చేతికే సెలైన్ ఉండొచ్చు. మనం మాస్క్ పెట్టుకుంటే పెదవులు కనిపించవు కాబట్టి, వినికిడి తక్కువున్నవాళ్లకు సగం మాటలు అందవు. ఇవన్నీ పుస్తకంలో ఒక్క పేజీకి మించవు. గదిలో మాత్రం వీటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇక వెర్బాటిమ్ గురించి. ఈ శిక్షణలో అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. రోగితో జరిగిన ఒక సంభాషణను, జ్ఞాపకం ఉన్నంతవరకు, మాటకు మాట రాయాలి. రికార్డింగ్ ఉండదు. చాప్లెయిన్ 1, పేషెంట్ 1, చాప్లెయిన్ 2, పేషెంట్ 2 అని నంబర్లు వేసుకుంటూ పోవాలి. మౌనంగా ఉన్న క్షణాలు రాయాలి, ఆ మనిషి ఎటు చూశారో రాయాలి, నా మనసులో అప్పుడు ఏం మెదిలిందో కూడా రాయాలి. 1930ల్లో రస్సెల్ డిక్స్ అనే చాప్లెయిన్ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రోగులతో తన సంభాషణలను ఇలా రాసుకునేవాడు, అక్కడి నుంచి ఇది శిక్షణలో భాగమైంది. రాసి తెచ్చిన దాన్ని బృందంలో చదవాలి. రోగి మాటలు ఒకరు, నా మాటలు నేను. నా నోటితో నేను అన్న మాటలు మళ్లీ పైకి చదువుతుంటే, కుర్చీలో కూర్చోవడం కష్టంగా ఉంటుంది. ఆ మాటల్లో తప్పు ఉందని కాదు. అవి ఎవరి కోసం అన్నానో అప్పుడు తెలిసిపోతుంది.

నా రెండో వెర్బాటిమ్ ఒక భార్య గురించి. ఆమె భర్తకు ఆ ఉదయమే జబ్బు ముదిరిందని చెప్పారు. చర్చ మొదలవగానే బృందంలో ఒక అక్క, చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి సేవలోకి వచ్చినావిడ, కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "తమ్ముడూ, ఇది చూడు. ఆమె మామూలుగా మాట్లాడుతున్నప్పుడు నీ మాటలు ఒక్కో లైనే. పేషెంట్ 9 దగ్గర ఆమె ఏడ్చింది. చాప్లెయిన్ 10 ఐదు లైన్లు ఉంది." ముందుకెళ్లి చూస్తే మళ్లీ అంతే. ఆమె కళ్లు తుడుచుకున్న ప్రతిచోటా నా పేరా పెద్దదైపోయింది. అందులో మంచి మాటలే ఉన్నాయి, బైబిల్ వాక్యం ఉంది, నిరీక్షణ ఉంది. సూపర్‌వైజర్ వాక్యం గురించి ఏమీ అనలేదు. "ఎవరు ఏడిస్తే నీకు కష్టంగా ఉంటుంది?" అని మాత్రం అడిగారు. ఇంటర్వ్యూలో అమ్మ గురించి ఎందుకు అడిగారో నాకు ఆ గదిలో, ఆ పూట అర్థమైంది. ఆ రోజు నేనే ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు. నన్ను ఏడవనిచ్చారు.

"ఏడ్చువారితో ఏడువుడి" అని రోమా 12:15లో పౌలు రాసిన మాట మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. అది ఎలా ఉంటుందో నా మీద జరిగాకే తెలిసింది. చనిపోయిన లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు కదా. తర్వాత జరగబోయే మంచి ఆయనకు తెలుసు, అయినా ముందు ఏడ్చాడు. మన పరామర్శల్లో మనం ఆ వరస మార్చేస్తున్నాం. పునరుత్థానం ముందు చెప్పేసి, ఏడవడానికి చోటు లేకుండా చేస్తున్నాం. మన సంఘాల్లో ఇది మారాలని నా మనసులో చాలా బలంగా ఉంది.

జులైలో మధ్య మూల్యాంకనం. మార్కులు ఉండవు. ఒకరి గురించి ఒకరం రాసి, వాళ్ల ఎదురుగానే చదవాలి. ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు. నా గురించి రాసినవాటిలో ఒకటి ఇప్పటికీ ఉపయోగపడుతోంది: "మాట్లాడేటప్పుడు మీ గొంతు ఒకలా ఉంటుంది, ప్రార్థనలో ఇంకోలా మారిపోతుంది. మంచం మీదున్న మనిషికి అప్పటిదాకా మాట్లాడిన మనిషి వెళ్లిపోయినట్టు ఉంటుందేమో." అప్పటి నుంచి ప్రార్థనకు ముందు "దేని గురించి ప్రార్థన చేయమంటారు?" అని అడిగి, వాళ్లు చెప్పిన మాటలనే, వాళ్లు చెప్పినట్టే ప్రభువు ముందు పెట్టడం అలవాటు చేసుకున్నాను. గొంతు దానంతటదే మామూలైంది. ఒకాయన ఏం కోరారంటే, "ఈ రాత్రి నాలుగు గంటలు వరసగా నిద్ర పట్టాలని అడగండి." అంతే అడిగాం. ఆయన చాలా గట్టిగా ఆమేన్ అన్నారు.

ఆ నెలలోనే కలిసిన ఇంకొకాయన సంఘ పెద్దగా పనిచేసి రిటైరైన మనిషి. క్యాన్సర్. వచ్చిన ప్రతివాళ్లూ సమస్తమూ మేలుకోసమే జరుగుతుందని చెప్పి వెళ్తున్నారని, అది నిజమని తెలిసినా వినే ఓపిక లేదని అన్నారు. వెళ్లేముందు ఏదైనా వాక్యం చదవమంటారా అని అడిగాను. "సంతోషంగా ముగిసేది వద్దయ్యా" అన్నారు. 88వ కీర్తన తీశాను. కీర్తనల్లో చాలావరకు ఎంత మొరపెట్టినా చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటే తనకు బంధువర్గమైందన్న మాటతో ఆగిపోతుంది. చదవడం అయ్యాక మళ్లీ చదవమన్నారు. రెండోసారి అయ్యాక, "ఇది కూడా బైబిల్లోనే ఉంచారు కదా" అని, అప్పుడు తన భయం గురించి మొదటిసారి మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. నేను దాదాపు ఏమీ అనలేదు. దేవుడికి చెప్పకూడని బాధ ఏదీ లేదని ఆయనకు ఆ కీర్తనే చెప్పింది.

రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయి. చాప్లెయిన్ ఫోన్ మన దగ్గరే ఉంటుంది, ఏ వార్డు నుంచి పిలిచినా వెళ్లాలి. జులై చివర్లో ఒక రాత్రి ఐసీయూ నుంచి పిలుపు వచ్చింది. ఒక పెద్దాయనకు వెంటిలేటర్ తీసేయాలని కుటుంబం, డాక్టర్లు కలిసి నిర్ణయించారు. నేను వెళ్లేసరికి కూతురు, ఆమె భర్త గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు, ఎక్కడ నిలబడాలో కూడా తెలియని స్థితి. మొదట కుర్చీలు తెచ్చి మంచానికి దగ్గరగా వేశాను. "నాన్నగారి గురించి చెప్పమ్మా" అన్నాను. చెబుతూ చెబుతూ ఆమె ఆగి, "నాన్నకు మిషన్ లేకపోతే వినపడదండీ. ఇన్ని రోజులూ నేను మాట్లాడింది ఏదీ విని ఉండరు" అంది. చెవి మిషన్ గురించి అంటోంది. ఐసీయూలో చేర్చినప్పుడు తీసేశారట. నర్సును అడిగాను. ఆవిడ బీరువాలో వెతికి, పేరు రాసిన చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చారు. బ్యాటరీ ఇంకా ఉంది. కూతురే పెట్టింది. సరిగ్గా కుదరక అది కీచుమంది, కొంచెం సర్దితే ఆగింది. ఆయనకు వినపడిందో లేదో ఎవరం చెప్పలేం. ఆమె మాత్రం చెవి దగ్గరికి వంగి చెప్పాల్సింది చెప్పింది. నేను తలుపు దగ్గరికి జరిగాను. అది నేను వినాల్సింది కాదు.

వెంటిలేటర్ తీశాక ప్రాణం వెంటనే పోతుందని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు నిమిషాలు, కొన్నిసార్లు గంటలు పడుతుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య పెద్ద విరామం వస్తుంది, అయిపోయిందనుకుంటాం, మళ్లీ ఒక ఊపిరి వస్తుంది. నర్సు ఇదంతా ముందే చెప్పడం వల్ల వాళ్లు బెదరలేదు. తెల్లవారకముందే ఆయన వెళ్లిపోయారు. తర్వాత ఎక్కడ సంతకం పెట్టాలి, ఉంగరం ఎవరికి ఇచ్చారు, సామాన్ల సంచీలో ఏమున్నాయి అనే పనులు ఉంటాయి. ఆ సమయంలో పక్కన ఒక మనిషి ఉండటం ఎంత అవసరమో చూశాక అర్థమైంది. ప్రార్థన వాళ్లే అడిగారు. చిన్నగా చేశాను. కారు దాకా వాళ్లతో నడిచాను.

ఉదయం తరగతికి వెళ్తే సూపర్‌వైజర్ చర్చ ఏమీ పెట్టకుండా ఇంటికి పంపించేశారు. ఆ రోజంతా బాగానే ఉన్నాను. కొన్ని రోజుల తర్వాత ఇంట్లో ఏదో మిషన్ కీచుమంటే చేతిలో పని ఆపి కూలబడ్డాను. ఇలా జరుగుతుందని ముందే చెప్పారు, అయినా కంగారు పడ్డాను. మీ ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి. గదుల్లో జరిగింది ఇంట్లో చెప్పకూడదు, సంతకం పెట్టాం. కాబట్టి "ఈ రోజు బరువుగా ఉంది" అన్న ఒక్క మాటతోనే వాళ్లు అర్థం చేసుకోవాలి. నా భార్య ఆ వేసవంతా అదే చేసింది. ఆమె సహనం లేకపోతే ఈ యూనిట్ పూర్తయ్యేది కాదు.

చివరి మూల్యాంకనం ఆగస్టు మధ్యలో జరిగింది. మనం ఒకటి రాస్తాం, సూపర్‌వైజర్ ఒకటి రాస్తారు. ఆయన రాసింది చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. పూర్తిచేశానని ఉంది. కన్నీళ్ల దగ్గర ఉండగలుగుతున్నాడని, కోపం దగ్గర ఉండటం ఇంకా నేర్చుకోవాలని కూడా ఉంది. అది నిజం.

సంఘానికి తిరిగొచ్చాక పరామర్శకు వెళ్లే పద్ధతి మారింది. వెళ్లేముందు ఫోన్ చేసి అడుగుతున్నాను. కూర్చుంటున్నాను. బైబిల్ సంచీలోనే ఉంచి, వాళ్లు అడిగినప్పుడు తీస్తున్నాను. "పాస్టర్ గారు ఈ మధ్య ఎక్కువ మాట్లాడటం లేదు" అని ఒక పెద్దాయన కాస్త అసంతృప్తిగా అన్నారట. ఆయనతో కూర్చుని వివరంగా మాట్లాడాను, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. సమాధి కార్యక్రమాల్లో "ఏడవకండి" అన్న మాట మాత్రం మా సంఘంలో ఎవరూ అనకూడదని పెద్దలందరితో మాట్లాడి ఒప్పించాను.

పూర్తికాలపు చాప్లెయిన్‌గా గుర్తింపు కావాలంటే చాలాచోట్ల నాలుగు యూనిట్లు అడుగుతారు. రెండోది పార్ట్‌టైమ్‌లో చేద్దామని దరఖాస్తు పెట్టాను. ఈసారి కూడా ఒక సాయపడిన సంఘటన రాయమన్నారు. ఆ పెద్దావిడ "ఇప్పుడొద్దు బాబూ" అన్న రోజు గురించి రాశాను. ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు.